మూడు పేటల దారం

కాజీపేట చౌరస్తాల నా దుకాణం.
ఆటోలకు సీట్లు కుడత, బండ్లకు కవర్లేస్త.
ఇరవై రెండేండ్లల్ల ఎవ్వరూ నన్ను
కాళ్ళకు సీట్లు కుట్టుమని అడగలే.

గుగులోతు కేసరి వచ్చి అడిగింది.
పదమూడేండ్ల పోరి. సైకిల్ స్టాండెయ్యకుండనే
ఫోన్ల బొమ్మ చూపెట్టింది:
ముఖానికి జాలి, కాళ్ళకు పరుపులు,
చేతిల పార లెక్క వెడల్పు కర్ర.
"ఇదేం ఆట బిడ్డా?"
"మంచు మీద హాకీ మామా. గోలు కాడ నేనే."
బయట నలభై నాలుగు డిగ్రీలు.
తారు రోడ్డు చెప్పులను గుంజుకుంటున్నది.

కొత్త ప్యాడ్ల ధర నా మిషను కంటే ఎక్కువ.
పాత ఆర్టీసీ సీట్ల రెగ్జిన్ తెచ్చిన,
స్క్రాప్ కొట్టుల, కిలోల లెక్కన.
లోపల కొబ్బరి పీచు, దాని మీద స్పాంజి,
నడుమ నాలుగు వెదురు బద్దలు.
ఎడమకాలి ముక్క మీద
బస్సుల కాలం నాటి రంగు మిగిలింది:
స్త్రీలకు కేటా
అంతే. మిగతాది ఎవరో కోసుకపోయిర్రు.
తిప్పి కుడత అన్న.
"ఉండనియ్యి మామా, బయటికే ఉండాలె."

ఎనుమాములల మిర్చి బస్తాలు లేసినంక
మార్కెట్ సిమెంటు మీద వాళ్ళ ఆట.
చక్రాల బూట్లల్ల మిర్చి గింజలు ఇరికేటియి.
గోలు కొట్టినోళ్ళూ తుమ్ముడే,
ఆపినోళ్ళూ తుమ్ముడే.
హమాలి సారంగం కాంటా మీద కూసోని
స్తంభానికి సుద్దతోటి గీతలు గీసేటోడు,
గోలు అనకపోయేది, బస్తా అనేటోడు.

రబ్బరు బిళ్ళ సల్లగుంటెనే ఎగరదట.
కుల్ఫీ మొయినుద్దీన్ కుండల, ఉప్పు మంచుల
రాత్రంతా దాచిపెట్టేది.
పొద్దున దానికి పిస్తా వాసన.

జూనియర్ల పోటీలకు తొమ్మిది మంది రైలెక్కిర్రు.
రెండు రాత్రులు, ఒక పగలు, ఆమీద కొండ బస్సు.
మొదటి ఆట పద్నాలుగు సున్న.
సారంగం పద్నాలుగు గీతలు గీసి
ఎవ్వరితోటి మాట్లాడకుండ బస్తాలు మోసిండు.
రెండో ఆట తొమ్మిది.

ఆ రాత్రి కేసరి ఫోను.
ఓడిన ముచ్చట ఎత్తలే.
"మామా, ఈడ నేల ఉర్వది.
మన సిమెంటు మీద చక్రాలు ఎంత లొల్లి!
ఈడ సుర్రుమంటది అంతే,
నీ కత్తెర రెగ్జిన్ల పోయినట్టు."
ఫోను పెట్టేసి, పని లేకున్నా
ఒక ముక్క తీసుకోని నిలువున కోసిన.
చెవి దగ్గర పెట్టుకోని
ఇంకోటి కోసిన.

ఆఖరి ఆట అయిదు ఒకటి.
ఆ ఒక్కటి మడికొండ తబస్సుం కొట్టింది.
వీడియోల గోలు కనవడలే,
ఫోను పట్టినామె ఎగిరింది:
రేకుల కప్పు, ఒక లైటు, ఎవరిదో మోచెయ్యి.
నేను మాత్రం అవతలి కొస చూస్తున్న,
నా కుట్టు ఉన్న దిక్కు.
ఒంగుతది, లేస్తది, కాలు పరుస్తది.
బిళ్ళ వచ్చి తాకినప్పుడల్లా
నా మోకాలు ముడుచుకుంటది.

వచ్చినంక ప్యాడ్లు బల్ల మీద పడేసింది.
ఎడమదాని మీద నల్ల మచ్చలు.
నలభై దాకా లెక్కవెట్టి ఇడిసిపెట్టిన.
కేటా పూర్తిగ చెరిగింది,
స్త్రీలకు ఇంకా కనవడుతున్నది.
కుడిదాని కుట్టు జానెడు ఇచ్చుకపోయింది.
నాకు సిగ్గయింది.
"ఎన్నో ఆటల?"
"రెండో ఆటల. చెప్తె నిద్రపోవని చెప్పలే."

బ్లేడుతోటి విప్పిన.
పీచు ఇంకా తడిగనే ఉన్నది.
పిండితె బల్ల మీద నాలుగు చుక్కలు.
"ఆడి మంచేనా బిడ్డా?"
"మంచో, నా చెమటో," అని నవ్వింది.
మే నెల గాలి ఒక్క నిమిషంల
రెండింటినీ తాగేసింది.

మళ్ళా ఏడు ఉన్నదట పోటీ.
ఈసారి నైలాన్ దారం, మూడు పేటలు.
బయట ఆటో యాదగిరి హారన్ కొడుతుండు,
వాని సీటు పొద్దటి సంది బాకీ.
ఆగు అన్న.
ముందుగాల ఇది.